రెండు ఎర్తులు, ఒక కాలిన రేడియో: ఉద్దానం ఇసుకలో పిడుగు కాపుదల డైరీ

ఏప్రిల్ 28 రాత్రి శ్రీకాకుళం తీరాన ఉద్దానంలో మా పెరట్లో కొబ్బరిచెట్టు మీద పిడుగు పడింది. చెట్టుకూ రేడియో గదికీ మధ్య దూరం 38 మీటర్లు. మర్నాడు టేపు పెట్టి కొలిచాను. ఆకాశం నల్లబడగానే యాంటెన్నా తీగ పీకి కిటికీ అవతల పడేశాను కూడా. అయినా హెచ్‌ఎఫ్ (దూరాలకు మాట్లాడే షార్ట్‌వేవ్) రేడియో పోయింది.

ఎలా పోయిందో పట్టుకోవడానికి నాలుగు రోజులు పట్టింది. ఆ కారణం తెలియకుండా ఏ సామాను కొన్నా దండగే కాబట్టి ముందు అదే రాస్తున్నాను.

విప్పి చూస్తే కనిపించినవి

1. రేడియోలో యాంటెన్నా వైపు భాగం చెక్కుచెదరలేదు. కాలింది కంప్యూటర్‌కు కలిపే యూఎస్‌బీ బోర్డు.
2. కంప్యూటర్‌లో అదే తీగ దూర్చిన పోర్టు, దాని వెనక ఉన్న చిప్పు కాలిపోయాయి.
3. ఇన్వర్టర్ చార్జింగ్ బోర్డులో రెండు భాగాలు పేలాయి. బ్యాటరీ బాగుంది.
4. సోలార్ కంట్రోలర్ పనిచేస్తున్నట్టే కనిపించింది గానీ, బ్యాటరీ నిండినా చార్జింగ్ ఆపడం లేదు.

దెబ్బ యాంటెన్నా నుంచి రాలేదు, నేల నుంచి వచ్చింది. రేడియో డొక్కుకు కిటికీ కింద పాతిన కడ్డీతో ఒక ఎర్తు ఉంది. కంప్యూటర్‌కు కరెంటు ప్లగ్గు ద్వారా ఇంటి ఎర్తు ఉంది. ఆ రెండింటి మధ్య 11 మీటర్ల పొడి ఇసుక. చెట్టు వేళ్ల దగ్గర నేలలోకి దిగిన కరెంటు నాలుగు వైపులా పాకినప్పుడు ఈ రెండు చోట్లా వోల్టేజి ఒకేలా ఉండదు. ఆ తేడా సర్దుకోవడానికి దానికి దొరికిన దారి నా యూఎస్‌బీ తీగే. రెండు పడవల మీద కాళ్లు పెట్టినవాడి గతి పట్టింది ఆ రేడియోకి.

అందుకే ఈ డైరీలో సామాను దాచే లోహపు పెట్టె గురించిన ముచ్చట నాలుగో దశలో గానీ రాదు. అణుబాంబు పల్సు (పేలుడుతో పుట్టే విద్యుదయస్కాంత పోటు) గురించి చదివి పెట్టెలు చేసుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్ల ఇళ్లలో ఎర్తు సంగతి కూడా అడగాలనిపిస్తుంది.

దేని నుంచి కాపాడుతున్నాను

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. మా వైపు ఊళ్లలో రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు మూగబోయాయి. అలాంటి రోజుల కోసమే ఈ రేడియో, ఈ బ్యాటరీ. అదే సంవత్సరం ఏప్రిల్ 24న మన ఆంధ్రప్రదేశ్‌లో 13 గంటల్లో 36,749 పిడుగులు నమోదయ్యాయి. మాకు ఏటా వచ్చే విద్యుదయస్కాంత విపత్తు ఇదే.

సౌర తుపాను వేరే రకం. 1989 మార్చి 13న కెనడాలోని క్విబెక్‌లో గ్రిడ్డు 90 సెకన్లలో కూలి, 60 లక్షల మందికి తొమ్మిది గంటలు కరెంటు పోయింది. అక్కడ దెబ్బ తగిలింది వందల కిలోమీటర్ల పొడవున్న లైన్లకు, గట్టి రాతి నేల మీద, ధ్రువానికి దగ్గరలో. 12 మీటర్ల నా సోలార్ తీగను అది ఏమీ చేయదు. 2024 మే 10, 11 తేదీల తుపాను అప్పుడు లద్దాఖ్‌లోని హన్లేలో ఎర్రని ఆకాశ కాంతి కెమెరాలకు చిక్కింది. అలాంటప్పుడు హెచ్‌ఎఫ్ బ్యాండ్లు చచ్చుబడతాయి, సామాను మాత్రం క్షేమంగానే ఉంటుంది. గ్రిడ్డు కూలితే కావలసింది బ్యాటరీ.

మూడోది అణు పల్సు. 1962 జులై 9న పసిఫిక్ మీద 400 కిలోమీటర్ల ఎత్తున అమెరికా ఒక బాంబు పేల్చితే 1,400 కిలోమీటర్ల దూరంలో ఉన్న హోనొలులులో వీధి దీపాలు కొన్ని ఆరిపోయాయి. దాని మొదటి పోటు నానోసెకన్లలో వస్తుంది కాబట్టి పిడుగుకు పెట్టిన రక్షణ దాన్ని పూర్తిగా ఆపలేదు. తీగలు విప్పి లోహపు పెట్టెలో ఉంచిన సామానే మిగులుతుంది. ఆ పెట్టెను చవకగా చేయవచ్చు కాబట్టి చేశాను, అంతే.

దశ 1: నేల (మే 6 – మే 25)

మొదట ఒకటిన్నర మీటరు కడ్డీ కొట్టి కొలిచాను: 140 ఓంలు (కరెంటుకు నేల ఇచ్చే అడ్డు, ఎంత తక్కువైతే అంత మేలు). మూడు మీటర్ల రాగిపూత కడ్డీ, 17 మి.మీ. మందం, కొట్టి కొలిస్తే 48. సంబరపడ్డాను. ఆ 48 తప్పు.

ఎర్త్ టెస్టర్‌కు మూడు మొనలుంటాయి: కడ్డీకి ఒకటి, దూరంగా కరెంటు మొన, మధ్యలో వోల్టేజి మొన. తీగలు పొట్టిగా ఉన్నాయని కరెంటు మొనను 10 మీటర్ల దగ్గర, వోల్టేజి మొనను కడ్డీకి 2 మీటర్ల దగ్గరే గుచ్చాను. అంత దగ్గర గుచ్చితే లెక్క తక్కువ చూపుతుంది. మళ్లీ కొలిచిన పద్ధతి:

1. కరెంటు మొన 30 మీటర్ల దూరంలో.
2. వోల్టేజి మొన అందులో 62 శాతం దగ్గర, అంటే 18.6 మీటర్లు.
3. అదే మొనను 15 మీటర్లకూ, 21 మీటర్లకూ జరిపి మళ్లీ చదవడం.
4. మూడు అంకెలూ దగ్గరదగ్గరగా ఉంటేనే నమ్మడం.

61, 62, 63 వచ్చాయి. నిజం 62 ఓంలు.

ఎలక్ట్రీషియన్ ఉప్పూ బొగ్గూ పోసి గొయ్యి నింపుదామన్నాడు. నేను వద్దన్నాను. ఇసుకలో ఉప్పు నిలవదు, రెండు వానలకు కిందికి కొట్టుకుపోతుంది. పోయే లోపు కడ్డీని తింటుంది. ఊళ్లో బావులు తవ్విన పెద్దాయన్ని అడిగితే ఒక్క మాటలో తేల్చాడు: "ఈ ఇసకలో పైన రెండున్నర నిలువులూ ఒట్టి పొడే బావూ. చెమ్మ తగిలేదాకా దింపు, ఆపైన నీకే తెలుస్తాది."

కపులర్‌తో కడ్డీ మీద కడ్డీ కలిపి ఆరు మీటర్లు దింపాం. ఇక్కడ ఒక పొరపాటు. మొదటి కడ్డీ తల మీద నేరుగా సుత్తితో కొట్టడంతో ఆ తల పుట్టగొడుగులా విచ్చుకుని మర చెడిపోయింది. హాక్సా బ్లేడుతో నాలుగు అంగుళాలు కోసి, మర మళ్లీ వేయించడానికి పలాస దాకా వెళ్లాల్సి వచ్చింది. కపులర్ బిగించి, అందులో డ్రైవింగ్ బోల్టు దూర్చి, ఆ బోల్టు మీదే కొట్టాలి.

దాదాపు నాలుగున్నర మీటర్ల దగ్గర కడ్డీ దిగే చప్పుడు మారింది. ఆరు మీటర్లకు 21 ఓంలు. అలాంటివి మూడు, ఒకదానికొకటి ఆరు మీటర్ల దూరంలో, ముక్కోణంగా దింపి, పైన రెండడుగుల చుట్టూ చెమ్మ పట్టి ఉంచే బెంటొనైట్ మట్టి పోసి, జీఐ (జింకు పూత వేసిన ఇనుప) పట్టీతో కలిపాం. ఒక్కోటి 21 అయితే మూడింటికి 7 రావాలని లెక్క వేసుకున్నాను. 9.1 వచ్చింది. పక్కపక్కన ఉన్న కడ్డీలు ఒకే మట్టిని పంచుకుంటాయి కాబట్టి భాగాహారం సరిగ్గా పనిచేయదు.

ఆఖరున, అన్నిటికంటే ముఖ్యమైన పని: 11 మీటర్ల పట్టీ నేలలో వేసి ఇంటి ఎర్తునూ దీనితో కలిపేశాను. ఇప్పుడు ఇంటికి ఒకటే ఎర్తు.

ఖర్చు: ఆరు కడ్డీలు 8,400, పనికిరాని పొట్టి కడ్డీ 500, కపులర్లు, క్లాంపులు 1,500, బెంటొనైట్ 900, పట్టీ 26 మీటర్లు 2,470, కూలి 2,400.
ఇప్పటిదాకా మొత్తం: రూ. 16,170

దశ 2: ఒకే గుమ్మం (మే 27 – జూన్ 14)

9 ఓంలు వచ్చాయని నిశ్చింతగా ఉండకూడదు. 30,000 ఆంపియర్ల పిడుగు ఈ కడ్డీల్లోకే దిగితే 30,000 × 9 = 2,70,000 వోల్టులు. గది మొత్తం అంత వోల్టేజికి లేస్తుంది. అన్నీ కలిసి లేస్తే ఏమీ కాదు. ఒక్క తీగ వెనకబడితే ఆ తీగ గుండానే కాలుతుంది. అందుకని గదిలోకి వచ్చే ప్రతి తీగా ఒకే రాగి రేకు మీదుగా రావాలి.

1. 30 × 20 సెంటీమీటర్ల రాగి రేకు, 3 మి.మీ. మందం, కిటికీ కింద గోడకు.
2. రెండు కోయాక్స్ (యాంటెన్నా) తీగల అరెస్టర్లు, అంటే పోటును ఎర్తుకు మళ్లించేవి, దాని మీదే బిగింపు.
3. గదికి వచ్చే కరెంటు తీగ కూడా ఆ రేకు పక్కనున్న చిన్న బోర్డు గుండానే: ఎంసీబీ, సర్జ్ ప్రొటెక్టర్ (క్షణకాలపు పోటును మింగేది), ఓవర్ వోల్టేజ్ రిలే (వోల్టేజి మితిమీరితే కరెంటు కోసేది).
4. రేకు నుంచి నేలకు వెడల్పాటి పట్టీ, వంపులు లేకుండా, 60 సెంటీమీటర్లు.

నాలుగోదాని గురించి కాస్త ఆగి చెప్పాలి. మొదట ఆ బోర్డును ఇంటి మెయిన్ దగ్గరే ఉంచి ఆరు మీటర్ల ఆకుపచ్చ తీగతో ఎర్తుకు కలిపాను. మల్టీమీటర్ సున్నా ఓం చూపింది. కానీ పిడుగు కరెంటు మైక్రోసెకన్లలో ఎగిసే రకం, దానికి తీగ ఓంలు కాదు, ఇండక్టెన్సు (వేగంగా మారే కరెంటును తీగ అడ్డుకునే గుణం) అడ్డం. నిటారు తీగకు మీటరుకు సుమారు ఒక మైక్రోహెన్రీ. మైక్రోసెకనుకు 10,000 ఆంపియర్లు ఎగిస్తే మీటరుకు 10,000 వోల్టులు, ఆరు మీటర్లకు 60,000. ప్రొటెక్టర్ ఎంత మంచిదైనా ఆ 60,000 దాని నెత్తిన ఉంటుంది. అందుకే బోర్డును గదికి మార్చాను.

అరెస్టర్ల దగ్గర మరో తప్పు. లోపలి గ్యాస్ ట్యూబు (వోల్టేజి హద్దు దాటగానే వెలిగి పోటును ఎర్తుకు వదిలేది) 90 వోల్టులది ఉన్నవి కొన్నాను. తక్కువ వోల్టేజికి వెలిగితే మరింత కాపుదల అనుకున్నాను. కొత్తగా తెచ్చిన పాత రేడియోతో పరీక్షిస్తే 50 వాట్ల దాకా బాగుంది. 80 దాటగానే ఎస్‌డబ్ల్యూఆర్ ముల్లు (యాంటెన్నా వైపు నుంచి వెనక్కి తిరిగొచ్చే పవర్‌ను చూపేది) ఎగిరి రేడియో పవర్ తగ్గించుకుంది. లెక్క వేస్తే తేలింది: 50 ఓంల లైన్లో 81 వాట్లకు శిఖర వోల్టేజి సరిగ్గా 90. నా సొంత సిగ్నలే ట్యూబును వెలిగిస్తోంది. డొక్కులు ఉంచుకుని లోపలి ట్యూబులు 230 వోల్టులవి వేశాను. 100 వాట్లకు శిఖరం 100 వోల్టులు. యాంటెన్నా కాస్త చెడినా 230 చాలు.

ఒక సంగతి దాచకూడదు. 230 అని రాసి ఉన్నా, వేగంగా ఎగిసే పోటుకు ఆ ట్యూబు 600, 700 వోల్టుల దాకా వెలగదు. కాబట్టి మబ్బు పట్టినప్పుడు తీగ పీకడం మానలేదు. తేడా ఏమిటంటే ఇప్పుడు యాంటెన్నా ఒక్కటే కాదు, కరెంటు ప్లగ్గు, యూఎస్‌బీ కూడా పీకుతున్నాను.

ఖర్చు: రేకు 1,600, అరెస్టర్లు 1,300, కొత్త ట్యూబులు 160, సర్జ్ ప్రొటెక్టర్ 1,900, రిలే 1,100, తీగలకు తొడిగే ఫెరైట్లు ఆరు 720, లగ్గులు వగైరా 500. కలిపి 7,280.
ఇప్పటిదాకా మొత్తం: రూ. 23,450

దశ 3: సోలార్, బ్యాటరీ (జూన్ 16 – జులై 20)

పై కప్పు మీద 150 వాట్ల పలక ఒకటి, ఖాళీ (ఏమీ కలపనప్పటి) వోల్టేజి 22.4. దుకాణంలో సోలార్ సర్జ్ ప్రొటెక్టర్ అడిగితే 600 వోల్టుల డీసీది ఇచ్చారు. తెచ్చి బిగించాక దాని మీద రాసిన రెండో అంకె చదివాను: కాపు వోల్టేజి (పోటును ఏ అంకె దగ్గర ఆపుతుందో అది) రెండు వేల పైమాట. అది పెద్ద మేడల మీద వరసగా కలిపే పలకలకు. నా కంట్రోలర్ నిలకడగా 50 వోల్టులకు మించి ఓర్చుకోదు. 1,500 రూపాయలు పోయాయి. కొనేముందు కాపు వోల్టేజి చదవండి, పని వోల్టేజి కాదు.

దాని బదులు 20డి390కే అనే వేరిస్టర్లు (వోల్టేజి హద్దు దాటితే కరెంటును తమ గుండా పోనిచ్చేవి): 39 వోల్టుల రకం, నిలకడగా 31 వోల్టుల డీసీని ఓర్చుకుంటుంది, చిన్న పోట్లను 77 దగ్గర ఆపుతుంది. పోటు పెద్దదైతే అంతకంటే పైకి పోతుంది, కానీ రెండు వేలకు పోదు. ప్లస్ నుంచి మైనస్‌కు ఒకటి, ప్లస్ నుంచి ఎర్తుకు ఒకటి, మైనస్ నుంచి ఎర్తుకు ఒకటి. ప్రతి వేరిస్టర్ ముందు ఒక ఫ్యూజు. దెబ్బలు తిన్న వేరిస్టర్ చివరికి షార్టయి కాలుతుంది, ఫ్యూజు లేకపోతే పక్కనున్నదాన్ని అంటిస్తుంది.

తీగల దారి కూడా మార్చాను. పాత పనిలో ప్లస్ తీగ ఒక గోడ మీదుగా, మైనస్ ఇంకో గోడ మీదుగా వచ్చేవి. మధ్యలో నాలుగు చదరపు మీటర్ల ఉచ్చు. దగ్గరలో పిడుగు పడితే ఆ ఉచ్చులో వోల్టేజి పుడుతుంది. రెండు తీగలనూ మెలిపెట్టి ఒకే దారిన దింపాను. అనుకోని మేలు: కంట్రోలర్ నుంచి మీడియం వేవ్ రేడియోలో వచ్చే బరబర చప్పుడు బాగా తగ్గింది.

బ్యాటరీ విషయంలో నా అభిప్రాయం చెబుతాను. లిథియం బ్యాటరీ తేలిక, నాకూ ఇష్టమే. కానీ దాని లోపల ఎలక్ట్రానిక్ బోర్డు ఉంటుంది. అది పోతే సెల్లులు బాగున్నా బ్యాటరీ తలుపు తీయదు. పాత 150 ఏహెచ్ (ఆంపియర్ గంటలు) ట్యూబ్యులర్‌లో సీసం, ఆమ్లం తప్ప కాలడానికేమీ లేదు. అదే ఉంచాను.

లెక్క: సగం వాడితే 75 ఏహెచ్. వినేటప్పుడు 1 ఆంపియర్, మాట్లాడేటప్పుడు సగటున 12. గంటకు పది నిమిషాలు మాట్లాడితే సుమారు 2.8 ఏహెచ్, రోజుకు పది గంటలు నడిపితే 28. ఎండ లేకుండా రెండున్నర రోజులు.

జులై 19: గాలివానకు స్తంభం మీద న్యూట్రల్ తెగింది. ఇంట్లో వోల్టేజి 312 చూపింది. 265 దగ్గర పెట్టిన రిలే గదికి కరెంటు కోసేసింది. వంటింట్లో రెండు బల్బులు, మిక్సీ పోయాయి, గదిలో ఏదీ పోలేదు. సర్జ్ ప్రొటెక్టర్ ఇలాంటిదాన్ని ఆపలేదు. అది మైక్రోసెకన్ల పోటును మింగేది. నిమిషాల తరబడి 312 వస్తే అదే కాలిపోతుంది. 1,100 రూపాయల రిలే ఈ మొత్తం పనిలో మొదట ఫలితం చూపించిన సామాను. మర్నాడే ఇంటి మెయిన్‌కూ ఒకటి పెట్టమని ఎలక్ట్రీషియన్‌కు చెప్పాను. ఆ ఖర్చు ఈ లెక్కలో కలపలేదు.

ఖర్చు: దండగైన ప్రొటెక్టర్ 1,500, వేరిస్టర్లు 250, ఫ్యూజులు 300, అదనపు కంట్రోలర్ 900, డీసీ స్విచ్చు 700, తీగ 1,100. కలిపి 4,750.
ఇప్పటిదాకా మొత్తం: రూ. 28,200

దశ 4: ట్రంకు పెట్టె (జులై 26 – ఆగస్టు 17)

75 సెంటీమీటర్ల ఇనుప ట్రంకు పెట్టె. ఎఫ్ఎం రేడియో పెట్టి మూత వేస్తే మూగబోయింది. చాలామంది పరీక్ష ఇక్కడితో ఆపేస్తారు. ఎఫ్ఎం తరంగం పొడవు మూడు మీటర్లు, మూత సందు దానికి పొట్టి. 433 మెగాహెర్ట్జ్ సిగ్నల్‌కు అర తరంగం 35 సెంటీమీటర్లే. 75 సెంటీమీటర్ల సందు దానికి తెరిచిన తలుపు.

కాబట్టి 433 మీద పనిచేసే గేటు రిమోట్ మీటను టేపుతో నొక్కి ఉంచి లోపల పెట్టాను. రెండు మీటర్ల దూరంలో యూఎస్‌బీ రిసీవర్, గెయిన్ (సిగ్నల్‌ను పెంచే స్థాయి) కదపకుండా. అంకెలు డెసిబెల్‌లలో (మైనస్ తర్వాత అంకె పెరిగేకొద్దీ సిగ్నల్ బలహీనం):

1. మూత తెరిచి: మైనస్ 31.
2. మూత వేసి, తాళం బిగించి: మైనస్ 45. అంటే 14 మాత్రమే తగ్గింది.
3. సందు మీద అల్యూమినియం టేపు: మైనస్ 49. అంత టేపుకు 4 డెసిబెల్‌లు. టేపు జిగురు కరెంటును పోనివ్వదని అప్పుడు అర్థమైంది.
4. టేపు పీకి, మూత అంచు, పెట్టె అంచు గరుకు కాగితంతో రంగు పోయేదాకా గీకి, మధ్యలో ఇత్తడి జాలీ మడత: మైనస్ 66.
5. దాని మీద కరెంటు పోనిచ్చే జిగురున్న రాగి టేపు, గొళ్లెం రివెట్ల మీద కూడా: మైనస్ 86.

రిసీవర్ సొంత రొద మైనస్ 88 కాబట్టి అంతకు మించి నేను కొలవలేను. తగ్గింది 55 డెసిబెల్‌లు.

లోపల నాలుగు వైపులా అట్ట. ఏ సామానూ లోహానికి తగలకూడదు. పెట్టినవి: రెండు హ్యాండీలు (చేతి రేడియోలు), చిన్న హెచ్‌ఎఫ్ సెట్టు, అదనపు కంట్రోలర్, మల్టీమీటర్, టార్చి, ఫ్యూజులు, కాగితం మీద రాసిన ఫ్రీక్వెన్సీల పట్టిక.

పన్నెండు రోజుల తర్వాత తెరిస్తే నీలం సిలికా గుళికలు గులాబీ రంగుకు తిరిగాయి. సముద్రపు గాలి. హ్యాండీలను జిప్ సంచుల్లో పెట్టి, గుళికలు రెట్టింపు చేశాను. తెరిచిన ప్రతిసారీ రాగి టేపు మార్చాలి. అందుకని నెలకు ఒక్కసారే తెరుస్తున్నాను, బ్యాటరీలు నింపడానికి.

ఖర్చు: పెట్టె 1,800, జాలీ 400, దండగైన అల్యూమినియం టేపు 250, రాగి టేపు 900, గుళికలు వగైరా 150. కలిపి 3,500.
ఇప్పటిదాకా మొత్తం: రూ. 31,700

దశ 5: తుప్పు (ఆగస్టు 24 – సెప్టెంబరు 7)

వానలు పడ్డాక ఎర్తు 6.1 ఓంలకు దిగింది. బాగుందనుకుంటూ గోడ దగ్గర క్లాంపు తడితే చేతికి ఎర్రపొడి అంటింది. జీఐ పట్టీ, రాగి రేకు నేరుగా కలిసిన చోట ఉప్పుగాలికి జింకు పోయి ఇనుము బయటపడింది. మూడు నెలలకే. అలాగే వదిలేస్తే ఒక వేసవి నాటికి బోల్టు ఉంటుంది గానీ కలయిక ఉండదు.

ముక్కోణం మొత్తం, రేకు దాకా, 14 మీటర్లు రాగి పట్టీకి మార్చాను. ఇంటి ఎర్తుకు పోయే 11 మీటర్ల జీఐ పట్టీ అలాగే ఉంచి, రెండు లోహాలు కలిసే ఒక్క చోట మధ్యలో స్టెయిన్‌లెస్ రేకు పెట్టి, గ్రీజు రాసి, నీరు చొరని టేపు చుట్టాను. మొదటే ఇలా చేసి ఉంటే 1,330 రూపాయల పట్టీ మిగిలేది.

ఖర్చు: రాగి పట్టీ 4,480, స్టెయిన్‌లెస్ బోల్టులు, రేకు 420.
ఇప్పటిదాకా మొత్తం: రూ. 36,600. అందులో నా తప్పులకు పోయింది 3,580.

సెప్టెంబరు 21

పిడుగుల హెచ్చరికలిచ్చే దామిని యాప్‌లో మా వైపు ఎర్రబడగానే అన్నీ పీకేశాను. అర కిలోమీటరు లోపు రెండు పడ్డాయి. రేడియో, కంట్రోలర్, రిలే అన్నీ బాగున్నాయి. ప్లస్ నుంచి ఎర్తుకు పెట్టిన వేరిస్టర్ ఫ్యూజు ఒకటి పోయింది. వేరిస్టర్ కొలిస్తే 39కి బదులు 31 దగ్గరే కారుతోంది, మార్చేశాను. పది కొన్నాను కాబట్టి ఇంకా ఆరు మిగిలాయి.

సెప్టెంబరు 28

గోడ వెంబడి తీగలన్నీ మళ్లీ ఒక్కొక్కటే లెక్కపెట్టాను. ఇంటర్నెట్ ఫైబర్ తీగను ఇన్నాళ్లూ వదిలేశాను. గాజు కదా, కరెంటు రాదు కదా అని. దాన్ని మోసే ఉక్కు తీగ స్తంభం నుంచి వచ్చి నేరుగా గది కిటికీ ఇనుప చువ్వకు చుట్టి ఉంది. రాగి రేకుతో సంబంధం లేకుండా గదిలోకి వస్తున్న ఇంకో దారి అది. రేపు ఫైబర్ కుర్రాడు వస్తానన్నాడు. ఉక్కు తీగను గోడకు రెండు మీటర్ల అవతలే కొబ్బరి దుంగ మీద ఆపేసి, లోపలికి ఒట్టి గాజు భాగమే తెచ్చుకోవాలి.